క్యాన్సర్ చికిత్స ముగిశాక మళ్లీ పరీక్షలు: వాయిదా పడుతున్న స్కాన్‌ను, ఆగిపోయిన బీమా క్లెయిమును ఎలా తట్టుకోవాలి?

ప్రశ్న: అలిపిరి రోడ్డు

అందరికీ నమస్కారం. నా వయసు 54 సంవత్సరాలు. తిరుపతిలో మా ఆయనతో, చిన్నబ్బాయితో కలిసి ఉంటున్నాను. రెండేళ్ల కిందట ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ పూర్తిచేసుకొని, ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే లెట్రోజోల్ అనే హార్మోన్ చికిత్స మాత్ర రోజుకొకటి వేసుకుంటూ, మూడు నెలలకొకసారి డాక్టరుగారికి చూపించుకుంటున్నాను. జుట్టు మళ్లీ వచ్చింది, ఇంటిపని చేసుకోగలుగుతున్నాను, చూసినవాళ్లందరూ గండం గడిచిందనే అంటున్నారు. నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను.

నెలన్నర నుంచి కుడి తుంటి దగ్గర, నడుము కింది భాగంలో నొప్పిగా ఉంటోంది. డాక్టరుగారు చూసి, రక్తపరీక్షలు రాసి, అనుమానం ఉంచుకోవడం దేనికని, క్యాన్సర్ ఒంట్లో ఎక్కడైనా ఉందేమో చూసే పెట్ సీటీ స్కాన్ తీయించుకోమన్నారు. ఆ మాట అని నేటికి 31 రోజులు. స్కాన్ ఇంకా జరగలేదు. మొదట 16 రోజుల తరువాతి తేదీ ఇచ్చారు. ఆ రోజు పరగడుపున వెళ్లి ఉదయం 7 గంటల నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు కూర్చున్నాక, ఇంజెక్షన్ మందు తక్కువ వచ్చిందని, నా వరకు రాదని చెప్పి పంపించారు. మరో వారానికి తేదీ ఇచ్చి, ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి యంత్రం మరమ్మతులో ఉందన్నారు. మూడో తేదీ ఎప్పుడో ఇంకా చెప్పలేదు. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ వేరొకరు ఎత్తుతారు, మళ్లీ మొదటి నుంచి అంతా చెప్పుకోవాలి.

ఈ మధ్యలోనే బీమా గొడవ. తొమ్మిదేళ్లుగా మా కుటుంబానికి ఒక ఆరోగ్య పాలసీ ఉంది, ఒక్క ఏడాది కూడా ప్రీమియం ఆపలేదు. ఆపరేషన్‌కు, కీమోకు డబ్బు ఇచ్చారు, అది కాదనను. కానీ ఆరు నెలల కిందట కీమో మందు ఎక్కించడానికి ఛాతీలో చర్మం కింద పెట్టిన పోర్టును తీయించుకున్నప్పుడు మేము ముందు డబ్బు కట్టి పెట్టుకున్న క్లెయిము ఇప్పటికీ తేలలేదు. మొదట డిశ్చార్జ్ సమ్మరీ స్పష్టంగా లేదని క్వెరీ వేశారు. ఇచ్చాము. తరువాత రెండేళ్ల నాటి బయాప్సీ రిపోర్టు కావాలన్నారు. అది వాళ్ల దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే, అయినా మళ్లీ ఇచ్చాము. ఆ తరువాత, గడ్డ మొదట ఎప్పుడు కనిపించిందో డాక్టరు చేత రాయించి తెమ్మన్నారు. దాని కోసం మా ఆయన ఆసుపత్రి చుట్టూ తిరుగుతుండగానే, పత్రాలు అందలేదు కాబట్టి ఫైలు మూసివేశామని ఒక మెసేజ్ వచ్చింది. ఇప్పుడు పెట్ సీటీ ఖర్చు గురించి అడిగితే, ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే పరీక్షలకు పాలసీ వర్తించదంటున్నారు. పైగా వచ్చే నెలలో రెన్యువల్ ఉంది. మా ఏజెంటు, "క్యాన్సర్ పేషెంటు కదా, కంపెనీ రెన్యువల్ చేస్తుందో లేదో" అన్నాడు.

చికిత్స జరిగినన్నాళ్లు నేను ఏడవలేదు. ఈ నెల రోజుల్లో ఏడ్చినంత ఎన్నడూ ఏడవలేదు. రాత్రి 2 గంటలకు మెలకువ వచ్చి, తుంటి మీద చెయ్యి వేసుకొని, నొప్పి నిన్నటికంటే ఎక్కువుందా తక్కువుందా అని కొలుచుకుంటూ తెల్లవారే దాకా పడుకుంటున్నాను. ఇంట్లోవాళ్ల ముందు మామూలుగా ఉండాలని చూస్తున్నాను, కానీ మా అబ్బాయి నా ముఖం చూసి మాట మార్చడం నాకు తెలుస్తోంది. ఈ ఆలస్యం వల్ల నిజంగా ప్రమాదం ఉందా, ఆ మూసేసిన క్లెయిమును మళ్లీ తెరిపించడానికి దారి ఉందా, ఈ రోజులు గడవడానికి మీరేం చేశారు, దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పండి.

జవాబు: రేణిగుంట

అమ్మా, నేను 22 ఏళ్లు స్కానింగ్ విభాగంలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మీ కేసు గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, అది మీ డాక్టరుగారి పని. అయితే "మందు రాలేదు" అన్న మాట వెనుక ఏముంటుందో చెప్పగలను, ఎందుకంటే ఆ మాటను రోగులకు వివరించకుండా అనేస్తారు, రోగులు తమను లెక్కచేయలేదని బాధపడతారు.

పెట్ సీటీకి ఇచ్చే ఇంజెక్షన్‌లో చక్కెరను పోలిన పదార్థానికి ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువు జతచేసి ఉంటుంది. అది సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రంలో తయారవుతుంది. దాని బలం ప్రతి 110 నిమిషాలకు సగానికి పడిపోతుంది, అంటే తయారైన చోటి నుంచి మన దగ్గరకు రావడానికి మూడు గంటలు పడితే దాదాపు మూడో వంతే మిగులుతుంది. మందుల షాపులో సీసా పెట్టుకున్నట్టు దాన్ని నిలవ ఉంచుకోవడం కుదరదు. సైక్లోట్రాన్ లేని కేంద్రానికి ఆ ఉదయం బండి రెండు గంటలు ఆలస్యమైతే, జాబితాలో చివర ఉన్నవాళ్లకు మందు చాలదు. కాబట్టి ఈసారి తేదీ ఇచ్చేటప్పుడు, రెండుసార్లు వెనక్కి పంపిన సంగతి చెప్పి, జాబితాలో మొదటి ముగ్గురిలో పేరు రాయించుకోండి. అడిగితే రాస్తారు. మీకు షుగరు ఉంటే ఆ ఉదయం అది 200 లోపు ఉండాలి, లేకపోతే అక్కడా వాయిదా పడుతుంది. ముందురోజు బరువు పనులు చేయకండి, కండరాలు ఆ మందును లాక్కుంటే బొమ్మ సరిగా రాదు. మీ పాత స్కాన్ల సీడీలు తప్పక తీసుకెళ్లండి. పాత బొమ్మ పక్కన లేకుండా కొత్త బొమ్మలో ఏది మారిందో చెప్పడం రేడియాలజిస్టుకు కష్టం.

ఇంకో సంగతి. మీ నొప్పి ఎముక దగ్గర అంటున్నారు కాబట్టి, పెట్ సీటీ దొరకడం ఆలస్యమవుతున్నప్పుడు దాని బదులు బోన్ స్కాన్ గానీ ఎమ్మారై గానీ సరిపోతుందేమో మీ డాక్టరుగారిని అడగండి. బోన్ స్కాన్‌కు వాడే టెక్నీషియం అనే పదార్థాన్ని కేంద్రంలోనే ఉండే, జనరేటర్ అని పిలిచే చిన్న పరికరం (కరెంటు జనరేటర్ కాదు) నుంచి ఏ రోజుకారోజు తీసుకోవచ్చు, కనుక ఉదయం వచ్చే బండి మీద అంతగా ఆధారపడదు. ఏ పరీక్ష కావాలో నిర్ణయించేది ఆయనే, కానీ స్కాన్ ఇంకా కాలేదన్న విషయం ఆయన దాకా చేరి ఉండకపోవచ్చు. చాలాసార్లు జరిగేది అదే. రాసిచ్చిన డాక్టరు పరీక్ష అయిపోయిందనే అనుకుంటారు, ఇక్కడ రోగి నెల రోజులు తిరుగుతూ ఉంటారు.

ఒక హెచ్చరిక మాత్రం మనసులో గట్టిగా పెట్టుకోండి. కాళ్లలో కొత్తగా బలహీనత గానీ, తొడల మధ్య తిమ్మిరి గానీ, మూత్రం లేదా మలం మీద అదుపు తప్పడం గానీ కనిపిస్తే తేదీ కోసం చూడకండి, ఆ గంటలోనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్నుపాము మీద ఒత్తిడి పడితే గంటలు కూడా విలువైనవే. అటువంటివేమీ లేకపోతే, కొద్ది రోజుల ఆలస్యం పర్వాలేదా అన్నది మీ డాక్టరుగారి నోటి నుంచే సూటిగా వినండి, ఆ సమాధానం వినే హక్కు మీకుంది.

జవాబు: కట్టమంచి, చిత్తూరు

అమ్మా, నా భార్యకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చి నాలుగేళ్లు దాటింది. మేము వేలూరు సీఎంసీకి వెళ్లేవాళ్లం, చిత్తూరు నుంచి అది దగ్గర కాబట్టి. చికిత్స కంటే బీమా కాగితాలే నన్ను ఎక్కువ అలసిపోయేలా చేశాయి. మీ భర్తగారు ఇప్పుడు తిరుగుతున్న తిరుగుడు నేను తిరిగాను కనుక కాస్త వివరంగా రాస్తాను.

ముందుగా రెన్యువల్. ఏజెంటు మాట పట్టించుకోకండి. గత సంవత్సరాల్లో క్లెయిము చేశారన్న కారణంతో ఆరోగ్య పాలసీని రెన్యువల్ చేయకుండా ఉండే వీలు కంపెనీకి లేదు, ఇది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నియమం. బీమా మొత్తాన్ని పెంచమని మీరు అడిగితే తప్ప మీ ఆరోగ్యాన్ని మళ్లీ మొదటి నుంచి పరిశీలించడం కూడా ఉండదు. ఏడాది ప్రీమియం కట్టేవారికి గడువు తరువాత 30 రోజుల వెసులుబాటు ఉంటుంది, అయితే ఆ రోజుల దాకా తెచ్చుకోకండి. కోపంతో మరో కంపెనీకి మారాలన్న ఆలోచన వస్తే దాన్ని పక్కన పెట్టండి, క్యాన్సర్ వచ్చిన తరువాత కొత్త కంపెనీ మిమ్మల్ని తీసుకోవాలన్న నిర్బంధం లేదు. ఈ పాత పాలసీ ఇప్పుడు మీకు బంగారంతో సమానం.

రెండోది, గడ్డ మొదట ఎప్పుడు కనిపించిందని వాళ్లు అడగడం. పాలసీ తీసుకునే ముందే జబ్బు ఉన్నదేమో, దాచారేమో అని తేల్చుకోవడానికి అడుగుతారు. కానీ 2024 నుంచి, 60 నెలలు ఆగకుండా నడిచిన పాలసీ విషయంలో, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న సాకుతో క్లెయిము కాదనడానికి వీల్లేదు. అంతకుముందు ఇది 96 నెలలు. మీది తొమ్మిదేళ్ల పాలసీ, ఎలా లెక్కపెట్టినా దాటిపోయింది. మీ ఉత్తరంలో ఈ ఒక్క వాక్యం తప్పక రాయండి.

మూడోది, మూసేసిన ఫైలు. ఫోన్లు మానేయండి. నేను ఐదు నెలలు ఫోన్ల మీద పోగొట్టుకున్నాను, చివరికి నా దగ్గర ఒక్క రుజువూ లేదు. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారి ఈమెయిల్ పాలసీ కాగితాల మీదే ఉంటుంది. ఏ తేదీన ఏ పత్రం అడిగారు, మీరు ఏ తేదీన ఇచ్చారు అన్నది వరుసగా రాసి, పత్రాలన్నీ మళ్లీ జతచేసి, క్లెయిమును తిరిగి తెరవమని, ఒకవేళ నిరాకరిస్తే పాలసీలోని ఏ షరతు కింద నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. 2024 మే నెలలో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ (కంపెనీలకు ఇచ్చిన ఆదేశాల పత్రం) ప్రకారం, కంపెనీలోని క్లెయిముల సమీక్షా కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమునూ తిరస్కరించకూడదు, తిరస్కరిస్తే కారణాన్ని షరతుతో సహా తెలపాలి. పత్రాలు అందలేదంటూ ఒక మెసేజ్ పంపి ఫైలు మూసేయడం ఆ పద్ధతికి సరిపోదు. అదే రోజు ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు 155255కు ఫోన్ చేసి గానీ, వాళ్లదే అయిన బీమా భరోసా వెబ్‌సైటులో గానీ ఫిర్యాదు నమోదు చేయించి, ఆ టోకెన్ నంబరును ఉత్తరం మీద రాయండి.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు, అంటే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి దగ్గరకు వెళ్లవచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. వెళ్లనవసరం లేదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, విచారణ వీడియోలో జరుగుతుంది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ నిరాకరించిన నాటి నుంచి ఏడాది లోపల వెళ్లాలి, 50 లక్షల రూపాయల వరకు తీర్పు ఇవ్వగలరు. అదే విషయం మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే మాత్రం అంబుడ్స్‌మన్ వినరు. మా ఆవిడ క్లెయిము అక్కడే తేలింది. విచారణ రోజున ఆమె నా పక్కనే కూర్చొని, వాళ్లు అడిగిన ప్రతి తేదీకీ ఫైలులోని కాగితం తీసి చూపించింది. చికిత్సలో ఉన్నప్పుడు ఆమె రాసుకున్న డైరీ అంతగా ఉపయోగపడుతుందని నేను అనుకోలేదు.

ఇక పెట్ సీటీ ఖర్చు. బయటి పరీక్షలకు విడిగా ప్రయోజనం లేని పాలసీలో అది రాదన్నది నిజమే, ఆ విషయంలో పోరాడి శక్తి పోగొట్టుకోవద్దు. అయినా డాక్టరు చీటీని, అసలు బిల్లును, రిపోర్టును జాగ్రత్తగా పెట్టండి. ఒకవేళ అదే జబ్బుకు ఆసుపత్రిలో చేరవలసి వస్తే, చేరడానికి ముందు 30 లేదా 60 రోజుల పరీక్షల ఖర్చును పాలసీని బట్టి ఇస్తారు. మీ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉంటే, ప్రభుత్వ వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో, ఆసుపత్రిలో ఆ పథకం తరఫున సాయం చేసే వైద్యమిత్రను గానీ 104 నంబరును గానీ అడగండి. చాలామంది ప్రైవేటు పాలసీ ఉందని ఆ వైపు చూడనే చూడరు.

అలిపిరి రోడ్డు

మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఒక్క సందేహం. స్కాన్ కేంద్రంలో ఒకాయన, ఒక రాత్రి ఆసుపత్రిలో చేరినట్టు చూపిస్తే స్కాన్ డబ్బు కూడా బీమాలో వస్తుందన్నారు. మా ఆయన అలా చేద్దామంటున్నారు. అయ్యా, అది సరైనదేనా? మరొక మాట, మీరు రాసిన ఆ "ఒకవేళ ఆసుపత్రిలో చేరవలసి వస్తే" అన్న వాక్యం చదివినప్పుడు గుండె జారింది. బిల్లు దాచిపెడతాను కానీ, దాన్ని ఎన్నటికీ బయటికి తీసే అవసరం రాకూడదని దాచిపెడతాను.

కట్టమంచి, చిత్తూరు

వద్దమ్మా, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. పరీక్షల కోసం మాత్రమే ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వబోమన్న మినహాయింపు దాదాపు అన్ని పాలసీల్లోనూ ఒకే మాటల్లో ఉంటుంది. స్కాన్ డబ్బు రాకపోగా, లేని చేరికను చూపించారని కంపెనీ పట్టుకుంటే, ఇందాక నేను చెప్పిన 60 నెలల రక్షణ కూడా పనికిరాదు, ఎందుకంటే మోసానికి ఆ రక్షణ లేదు. తొమ్మిదేళ్ల పాలసీని ఒక స్కాన్ కోసం పణంగా పెట్టకండి. నేను రాసిన వాక్యం మిమ్మల్ని బాధపెట్టినందుకు క్షమించండి. మా ఇంట్లోనూ అలాంటి బిల్లులు ఒక కవరులో ఉన్నాయి, నాలుగేళ్లుగా ఆ కవరు విప్పలేదు.

జవాబు: పుత్తూరు

అక్కా, నాకు 2019లో వచ్చింది, మీకు వచ్చిన చోటే. బీమా సంగతి పెద్దలు చెప్పారు. మీరు అడిగిన చివరి మాటకు ఎవరూ జవాబు రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నాకూ లెట్రోజోల్ ఇచ్చారు. మొదలుపెట్టిన కొన్నాళ్లకు ఉదయం లేవగానే వేళ్లు ముడుచుకోలేకపోయేదాన్ని, మోకాళ్లు, తుంట్లు పట్టేసేవి. ఆ మాత్ర వేసుకునే చాలామందిలో కీళ్ల నొప్పులు వస్తాయని మా డాక్టరమ్మ చెప్పింది. మీ నొప్పి అదేనని నేను అనడం లేదు, అనకూడదు, అది తేల్చడానికే పరీక్ష రాశారు. కానీ రాత్రి 2 గంటలకు మీ మనసు ఒకే ఒక కారణాన్ని చూపిస్తున్నప్పుడు, ఇంకో కారణం కూడా ఉండవచ్చని తెలిసి ఉండడం మంచిది. నాకు ఆ రోజుల్లో అది ఎవరూ చెప్పలేదు.

స్కాన్ ముందు వచ్చే భయం ఆరేళ్లు దాటినా నాకు పోలేదు. పోతుందని ఎదురుచూడడం మానేశాక కొంత తేలికైంది. ఇప్పుడు నేను చేసేది చెబుతాను. ఆసుపత్రికి, బీమావాళ్లకు ఫోన్లు చేయడానికి ఉదయం 10 నుంచి 11 వరకు ఒక గంట పెట్టుకున్నాను. ఆ గంటలో మా తమ్ముడు నా పక్కన కూర్చుంటాడు, ఎవరు ఎత్తారో వాళ్ల పేరు, చెప్పిన మాట, సమయం ఒక నోటు పుస్తకంలో రాస్తాడు. 11 దాటితే ఆ పుస్తకం బీరువాలో పెట్టేస్తాము. ఇంట్లో ఎవరూ మరుసటి రోజు దాకా దాని ఊసెత్తరు. మొదట్లో అది నాకు చేతకాలేదు, మధ్యాహ్నం అంతా బీరువా వైపే చూసేదాన్ని. మెల్లగా అలవాటైంది. రిపోర్టు ఫోన్‌కు వస్తే నేను విప్పను. ఒకసారి రాత్రి 9 గంటలకు విప్పి, అర్థం కాని ఒక పదాన్ని పట్టుకొని తెల్లవార్లూ కూర్చున్నాను. అది పాత ఆపరేషన్ మచ్చ గురించి రాసిన మాటని మరునాడు డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. ఆ రాత్రి మాత్రం నాకు తిరిగి రాలేదు.

మీ అబ్బాయి మాట మారుస్తున్నాడన్నారు. మా ఇంట్లో మా అమ్మాయి అలాగే చేసేది. నేను ధైర్యంగా ఉన్నట్టు కనిపించాలని నేను, తనకు తెలియనట్టు కనిపించాలని తను, ఒకే ఇంట్లో ఇద్దరం విడివిడిగా భయపడేవాళ్లం. ఒక రోజు సంగటి కెలుకుతూ, "నాకు చాలా భయంగా ఉందమ్మా" అన్నాను, అంతే. అది తెడ్డు నా చేతిలోంచి తీసుకొని తను కెలికింది. ఏమీ మాట్లాడుకోలేదు, కానీ ఆ రోజు నుంచి ఆసుపత్రికి నాతో అదే వస్తోంది. మీరు చెప్పండి అక్కా. వాడు చిన్నవాడు కాదు.

నిద్ర ఇలాగే పోతుంటే దాన్ని కూడా జబ్బుగానే లెక్కపెట్టి మీ డాక్టరుగారికి చెప్పండి. 14416 అనే నంబరుకు, టెలీ మానస్ అంటారు, ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు, డబ్బు కట్టనక్కరలేదు. నేను రెండుసార్లు చేశాను. నా పేరు కూడా అడగకుండా ముందు నన్ను ఏడవనిచ్చారు.

అలిపిరి రోడ్డు

ఎనిమిది రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. రేణిగుంట అన్నగారు చెప్పినట్టే అయింది. స్కాన్ జరగలేదన్న సంగతి మా డాక్టరుగారికి నిజంగానే తెలియదు. తెలిసిన వెంటనే కాళ్ల బలం చూసి, ఈ కొద్ది రోజులు ఆగినందువల్ల భయపడవలసినదేమీ లేదని చెప్పి, బోన్ స్కాన్‌కు, తుంటి ఎమ్మారైకి రాసి, ఆయనే స్వయంగా ఫోన్ చేశారు. నిన్న రెండూ పూర్తయ్యాయి. ఈసారి జాబితాలో నాది రెండో పేరు.

బీమా కంపెనీకి ఉత్తరం పంపాము. మా ఆయన తేదీలన్నీ రాస్తూ కూర్చుంటే మూడు పేజీలు వచ్చింది. 155255లో ఫిర్యాదు నమోదు చేయించాము. నాలుగో రోజునే కంపెనీ నుంచి ఒకామె ఫోన్ చేసి, ఫైలు తిరిగి తెరిచామని చెప్పింది. అదే మాట ఈమెయిల్‌లో పంపమన్నాము, పంపింది. డబ్బు ఇంకా రాలేదు. ప్రీమియం గడువుకు ముందే కట్టేశాము.

పుత్తూరు చెల్లెమ్మా, మా అబ్బాయితో మాట్లాడాను. చాలాసేపు మాట్లాడాము. సోమవారం ఉదయం 11 గంటలకు రిపోర్టు ఇస్తామన్నారు. వాడే సెలవు పెట్టి వెళ్లి తెస్తాడు. డాక్టరుగారి గదిలోకి వెళ్లే దాకా కవరు విప్పవద్దని చెప్పాను. "నేనూ విప్పలేనమ్మా" అన్నాడు.